మనసు బాగోలేనప్పుడు అడ్వెంట్ రోజులు ఎలా గడపాలి

ఇంట్లో మనిషి పోయిన ఏడాది కూడా అడ్వెంట్, అంటే క్రిస్మస్‌కి ముందు నాలుగు ఆదివారాల కాలం, వస్తుంది. ఉద్యోగం ఊడిన ఏడాదీ వస్తుంది, రిపోర్టులు చేతిలో పట్టుకుని డాక్టర్ చెప్పింది సగం విని సగం వినక బయటికొచ్చిన ఏడాదీ వస్తుంది. చర్చిలో అందరూ పాడుతుంటే మీకు మాత్రం గొంతు పెగలదు. అప్పుడు చాలామంది మొహానికి నవ్వు పులుముకుని వెళ్తారు, లేదంటే ఈసారికి వద్దులే అని మొత్తం మానేస్తారు. మీరు ఆ రెండూ చేయనక్కర్లేదు. అడ్వెంట్ అంటేనే ఎదురుచూపుల కాలం, ఇంకా చేతికి అందనిదాని కోసం ఎదురుచూసేవాళ్లకి ఇది మిగతా అందరికంటే ఎక్కువ చెందుతుంది.

ముందు ఏడవండి. నిజంగానే చెప్తున్నాను, ప్రార్థన అక్కడి నుంచే మొదలుపెట్టండి. 13వ కీర్తన తీయండి, ఆరే వచనాలు. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని మొదలవుతుంది. దేవుణ్ణి అలా నిలదీసిన మాటే బైబిల్లో ఉన్నప్పుడు మీరు మీ బాధని మర్యాదగా మడతపెట్టి దాచుకోవలసిన పని లేదు. గట్టిగా చదవండి, పక్క గదిలో వాళ్లకి వినిపించినా సరే. ఆ కీర్తన చివర స్తుతితో ముగుస్తుంది గానీ మీరు ఆ రోజే అక్కడిదాకా వెళ్లాలని రూలేమీ లేదు, రెండో వచనం దగ్గర ఆగిపోయినా అది ప్రార్థనే.

తర్వాత మత్తయి 11వ అధ్యాయం చదవండి. చాలా సంఘాల్లో అడ్వెంట్‌లో చదివే భాగమే ఇది, కానీ కష్టంలో ఉండి చదివితే వేరేలా ఉంటుంది. బాప్తిస్మమిచ్చే యోహాను జైల్లో ఉన్నాడు. యేసు రాకకి దారి సిద్ధం చేసిన మనిషి, నది ఒడ్డున జనం ముందు అంత ధైర్యంగా ప్రకటించిన మనిషి, ఇప్పుడు శిష్యుల్ని పంపి "రాబోవువాడవు నీవేనా, మేము మరియొకనికొరకు కనిపెట్టవలెనా?" అని అడిగిస్తున్నాడు. అంతటివాడికే సందేహం వచ్చింది. యేసు కోప్పడలేదు, నీకు విశ్వాసం తక్కువైందని అనలేదు. మీరు చూసినవీ విన్నవీ వెళ్లి యోహానుకి చెప్పండి, గుడ్డివాళ్లు చూస్తున్నారు, కుంటివాళ్లు నడుస్తున్నారు అని ఆ శిష్యులతోనే కబురు పంపాడు. వాళ్లు అటు వెళ్లగానే జనంతో యోహాను గురించి ఎంతో గొప్పగా మాట్లాడాడు. యోహాను ఆ జైలు నుంచి బయటికి రాలేదు, ఆ సంగతి దాచి ఈ కథ చెప్పడం నాకు ఇష్టం లేదు. కానీ తాను చూడలేని మంచిని వేరేవాళ్లు చూసి అతనికి తెచ్చి చెప్పారు.

ఈ రోజుల్లో మీరు చేయగలిగిన అసలు పని నా దృష్టిలో అదే: మీకు కబురు తెచ్చే మనిషిని ఒకరిని పెట్టుకోండి. బాధలో ఉన్నప్పుడు మంచి మన కంటికి ఆనదు, దానికి మీ తప్పేం లేదు. అక్కకో, చర్చిలో మీరు నమ్మే ఒక్కరికో ఇలా మెసేజ్ పెట్టండి: "ఈ క్రిస్మస్ నాకు కష్టంగా ఉంది. రోజూ నువ్వు చూసిన మంచి విషయం ఒకటి నాకు రాసి పంపుతావా? నేను జవాబివ్వకపోయినా ఏమనుకోకు." ఆ చివరి వాక్యం మర్చిపోవద్దు, దానివల్ల మీకు టెన్షన్ ఉండదు, వాళ్లూ మానకుండా పంపుతారు. వాక్యాలూ ఫార్వర్డ్ మెసేజ్‌లూ కాకుండా వాళ్లు తమ కళ్లతో చూసినదే పంపమనండి. కొన్నాళ్లకి మీకే ఏదో ఒకటి తిరిగి రాయాలనిపించవచ్చు, అనిపించినప్పుడు రాయండి.

సాయంత్రం ఒక కొవ్వొత్తి వెలిగించండి. అడ్వెంట్ కొవ్వొత్తుల చక్రం 1839లో జర్మనీలోని హాంబర్గ్‌లో మొదలైంది. యోహాన్ హిన్రిచ్ విషెర్న్ అనే పాస్టర్ పేదపిల్లల కోసం నడిపిన ఆశ్రమంలో, క్రిస్మస్ ఎప్పుడొస్తుందని పిల్లలు మాటిమాటికీ అడుగుతుంటే, బండి చక్రం మీద ఆదివారాలకి పెద్ద కొవ్వొత్తులూ మామూలు రోజులకి చిన్నవీ పెట్టి రోజుకొకటి వెలిగించాడు. అంటే ఇది ఏ లోటూ లేని ఇంట్లో పుట్టిన అలంకరణ కాదు. మీకు చక్రం అక్కర్లేదు, ఒక్క కొవ్వొత్తి చాలు. వెలిగించి, పోయినవాళ్ల పేరో మీ బాధ పేరో పైకి పలకండి, అయిదు నిమిషాలు కూర్చోండి, ఆర్పేయండి.

పిలుపులూ కానుకలూ వంటలూ సగానికి సగం తగ్గించుకోండి, ఎవరికీ సంజాయిషీ ఇవ్వాల్సిన పని లేదు. చర్చిలో పాట మధ్యలో ఏడుపొస్తే బయటికి రావడానికి వీలుగా వెనక వరసలో కూర్చోండి. నిద్ర పట్టక, తిండి సయించక, బతకాలనే లేదు అనిపిస్తుంటే మాత్రం కొవ్వొత్తి దగ్గర ఆగిపోకండి, ఈరోజే డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ఇంట్లోవాళ్లకి చెప్పండి. వైద్యం తీసుకుంటే విశ్వాసం తగ్గినట్టు కాదు.

అడ్వెంట్ మూడో ఆదివారం చాలా సంఘాల్లో గులాబీ రంగు కొవ్వొత్తి వెలిగిస్తారు, అది ఆనందానికి గుర్తు. "ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి" అని పౌలు ఫిలిప్పీయులకి ఉత్తరంలో రాసిన మాట అప్పుడు వినిపిస్తుంది. కష్టంలో ఉన్నవాళ్లకి ఆ మాట గుచ్చుకుంటుంది, నాకు తెలుసు. కానీ పౌలు ఆ ఉత్తరం సంకెళ్లలో ఉండి రాశాడు. 1943 నవంబరులో బెర్లిన్‌లోని టేగెల్ జైలు నుంచి హిట్లర్‌ని ఎదిరించి జైలుపాలైన జర్మన్ పాస్టర్ డీట్రిచ్ బాన్‌హోఫర్ కూడా ఒక ఉత్తరంలో, అడ్వెంట్ ఎలా ఉంటుందో జైలు గది బాగానే చూపిస్తుందని రాశాడు, ఎదురుచూస్తూ, ఆశపడుతూ, ఏవో చిన్నాచితకా పనులు చేసుకుంటూ ఉంటాం, తలుపు మాత్రం బయటి నుంచే తెరుచుకోవాలి అని. కాబట్టి ఆనందాన్ని మీరే పుట్టించాలన్న బరువు దించేయండి. ఆ ఆదివారం పాటలో ఒక్క చరణం పాడగలిగితే పాడండి, లేకపోతే పక్కవాళ్లు మీ బదులు పాడనివ్వండి.

డిసెంబర్ 25కి కూడా లోపల ఏమీ కదలకపోతే గాభరా పడొద్దు. చాలా సంఘాల లెక్కలో క్రిస్మస్ ఆ రోజు మొదలై పన్నెండు రోజులు ఉంటుంది, జనవరి 6న ఎపిఫనీ, అంటే జ్ఞానులు బాల యేసుని చూడటానికి వచ్చినదాన్ని తలుచుకునే పండుగ. మీకు మెసేజ్‌లు పంపే మనిషికి అప్పటిదాకా ఆపొద్దని ఇప్పుడే చెప్పి ఉంచండి.