క్రిస్మస్ ఏల్ రుచి చూడటం ఎలా? ముందు గ్లాసు అంచు తుడవండి

అక్టోబరు చివరికల్లా అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో గ్రేట్ లేక్స్ అనే బీరు కంపెనీ వాళ్ల క్రిస్మస్ ఏల్ దిగుతుంది. 1992 నుంచి వస్తున్న బీరు. తేనె, దాల్చినచెక్క, అల్లం వేసి కాస్తారు, ఆల్కహాల్ 7.5 శాతం. ఇక్కడి మనవాళ్ల ఇళ్లలో ఏటా ఒకటే తంతు: ఫ్రిజ్‌లోంచి తీయడం, సీసా ఎత్తి గటగటా తాగడం, "ఏముంది, కాస్త మసాలా వాసన" అని పెదవి విరవడం.

గ్లాసు పొట్ట వెడల్పుగా, మూతి సన్నగా ఉండాలి. జిడ్డు, సబ్బు వాసన లేకుండా కడగండి. ఫ్రీజర్‌లో పెట్టిన మగ్గు వద్దు. ఊళ్లో చాలా బార్లలో గ్లాసు అంచుకు చక్కెర, దాల్చినచెక్క పొడి అద్ది ఇస్తారు. ఒకచోట వద్దని రెండుసార్లు చెప్పినా అద్దే తెచ్చారు, టిష్యూతో తుడుచుకుని తాగాను. నాలుక మీద ముందే చక్కెర పడ్డాక ఇక బీరు తీపి ఏం తెలుస్తుంది?

సీసాను అరగంట ముందే బయట పెట్టండి. 10 నుంచి 13 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఈ బీరు నోరు విప్పుతుంది. ఫ్రిజ్ చల్లదనంలో మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) వాసన బయటికి రాదు. ఇంట్లో తాలింపు వేస్తుంటే, అగరొత్తులు వెలుగుతుంటే ఆ పూటకి మానేయండి. గ్లాసు వంచి పోస్తూ, సగమయ్యాక నిలబెట్టి రెండు వేళ్ల నురగ రానివ్వండి.

ఇక వాసన. అందరూ పాడుచేసేది ఇక్కడే. గ్లాసులో ముక్కు దూర్చి గుండెల నిండా పీల్చేస్తారు. అలా రెండుసార్లు పీలిస్తే ముక్కు మొద్దుబారుతుంది. గ్లాసును మెల్లగా తిప్పి, ముక్కుకు బెత్తెడు దూరంలో పట్టి, కుక్క పసిగట్టినట్టు రెండు చిన్న పీల్పులు. అంతే, ఆపండి. మోచేతి మడతలో మీ చర్మం వాసన ఓసారి చూసుకుంటే ముక్కు దారికొస్తుంది. కొందరు కాఫీ గింజలు వాసన చూస్తారు. ఉన్న వాసనలు చాలవా, ఇంకొకటి దేనికి?

ముందు తగిలేది చెక్కే. దాన్ని అక్కడే వదిలేసి వెనక ఏముందో వెతకండి. మాడీ మాడని రొట్టె అంచు, ముదురుతున్న పాకం లాంటి వాసన ఉంటుంది. అది మాల్ట్‌ది. దాని పక్కన అల్లం: అప్పుడే తరిగిన పచ్చి అల్లంలోని నిమ్మలాంటి చురుకా, శొంఠి ఘాటా? నమ్మకం కుదరకపోతే చెక్క ముక్క, అల్లం ముక్క ఒక పళ్లెంలో పెట్టుకుని పోల్చండి. పొడి డబ్బాలు మాత్రం తేవద్దు.

మా తమ్ముడు ఒకసారి "పక్కా జాజికాయ రా అన్నయ్యా" అని పందెం కాశాడు. లేబుల్ మీద జాజికాయ ఊసే లేదు. మసాలా బీరు అనేసరికి మన ముక్కు పోపులపెట్టె మొత్తం తెరిచేసి ఉన్నవీ లేనివీ కలిపి చెబుతుంది. కొన్ని బీర్లలో పులియబెట్టే ఈస్ట్ కూడా ఏమారుస్తుంది: జర్మన్ గోధుమ బీరులో లవంగం గుప్పుమంటుంది, వేసింది ఒక్కటీ ఉండదు. అందుకే పక్కవాళ్లు నోరు తెరవకముందే మీకు తోచింది కాగితం మీద రాసుకోండి.

తర్వాత చిన్న గుక్క. నోరంతా తిప్పి, మింగి, నోరు మూసుకుని ముక్కుతో గాలి వదలండి. సగం రుచి అప్పుడే తెలుస్తుంది. తేనె తియ్యగా తగలాలని చూడకండి, అందులోని చక్కెరలు దాదాపు అన్నీ ఈస్ట్‌కే పోతాయి, తీపి మాల్ట్‌ది. గొంతులో గిల్లినట్టుంటే అల్లం, గుండెల్లోకి వెచ్చగా దిగితే ఆల్కహాల్. మూడో వంతు మిగిల్చి పావుగంట ఆగండి. గ్లాసు వెచ్చబడ్డాక చెక్క వెనక్కి తగ్గి పాకం ముందుకొస్తుంది. నాకు ఆ చివరి గుక్కే ఇష్టం.

355 మి.లీ. సీసా ఒక్కటి, 5 శాతం బీర్లు ఒకటిన్నరతో సమానం. కారు తాళాలు ఇంకొకరికి ఇచ్చేశాకే మూత తీయండి.