బలమైన మెజారిటీ ఉన్న అసెంబ్లీలో మన మాట వినిపించాలంటే

2023 మే ఎన్నికల్లో కర్ణాటక శాసనసభలోని 224 సీట్లలో కాంగ్రెస్‌కు 135 వచ్చాయి. ప్రభుత్వం నిలబడటానికి 113 చాలు. ఇంత బలం ఉన్నప్పుడు ఓటింగ్ కోసం కాచుకుని కూర్చోవడం దండగ. విప్ (ఎలా ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశం) ధిక్కరించి ఓటేసే ఎమ్మెల్యేకు రాజ్యాంగంలోని పదో షెడ్యూలు, అంటే ఫిరాయింపుల నిరోధక చట్టం కింద సభ్యత్వానికే ముప్పు. బెంగళూరులో మారతహళ్లిలోనో కె.ఆర్.పురంలోనో ఉండే మన తెలుగువాళ్లు పట్టుకోవాల్సింది ఓటింగుకు ముందు దశను.

మొదట బిల్లు ప్రతి సంపాదించండి. కన్నడంలో ఉందని పక్కన పడేయకండి. లిపి మనదానికి దగ్గరే, బస్సు బోర్డులు కూడబలుక్కుంటూ చదివితే త్వరగానే పట్టుబడుతుంది. 'విధేయక' అంటే బిల్లు, 'తిద్దుపడి' అంటే సవరణ, 'సుగ్రీవాజ్ఞె' అంటే ఆర్డినెన్స్. సవరణ బిల్లును ఒంటిగా చదివితే తలాతోకా తెలియదు, "ఫలానా మాటకు బదులు ఫలానా మాట" అనే ఉంటుంది. మూల చట్టాన్ని పక్కన పెట్టుకుని, బిల్లుతో పాటే ఉండే ఉద్దేశాలు, కారణాల ప్రకటనతో మొదలుపెట్టండి.

బిల్లు కమిటీకి వెళ్తే అదే మన అదను. నగర పాలనకు సంబంధించిన గ్రేటర్ బెంగళూరు బిల్లు 2024 జూలైలో సభకు వచ్చి, సంయుక్త పరిశీలన కమిటీకి వెళ్లి, 2025 మార్చిలో ఆమోదం పొందింది. ఇలాంటి వ్యవధిలో కమిటీకి రాసేటప్పుడు "మా ఏరియాను పట్టించుకోవడం లేదు" అంటే ఎవరూ ఏమీ చేయలేరు. క్లాజు నంబరు వేసి, ఏ మాట తీసి ఏ మాట పెట్టాలో రాయండి.

విధాన పరిషత్తును (శాసనమండలి, అంటే ఎగువ సభ) కూడా మరవొద్దు. 2024 ఫిబ్రవరి 21న శాసనసభ ఆమోదించిన దేవాలయాల సవరణ బిల్లు 23న పరిషత్తులో ఓడిపోయింది. 29న శాసనసభ మళ్లీ ఆమోదించింది. బిల్లును చంపే అధికారం పరిషత్తుకు లేదు, ఆలస్యం మాత్రం చేయగలదు. ద్రవ్య బిల్లును (పన్నులు, ప్రభుత్వ ఖర్చుల బిల్లు) అయితే 14 రోజులే ఆపగలదు.

అన్నిటికన్నా అందుబాటులో ఉన్నది ఎమ్మెల్యే ద్వారా సభలో వేయించే ప్రశ్న. ఎమ్మెల్యే ఏ పార్టీ అయినా సరే, నోటీసుకు వ్యవధి ఉండేలా సమావేశాలకు చాలా ముందే ప్రశ్న రాసిన కాగితం అందించండి. ఓటు సొంతూళ్లో ఉందని జంకకండి. "రోడ్డు ఎప్పుడేస్తారు?" అని అడిగితే "పరిశీలనలో ఉంది" అనే జవాబుతో సరిపెట్టొచ్చు. "2024-25లో ఈ రోడ్డుకు ఎంత మంజూరైంది, ఎంత ఖర్చయింది, కాంట్రాక్టు గడువు ఏ తేదీ?" అని అడిగితే అంకెలు చెప్పాల్సి వస్తుంది. చుక్క గుర్తు ప్రశ్నగా వేయమనండి. దానికి మంత్రి సభలో నోటితో జవాబివ్వాలి, అనుబంధ ప్రశ్నలూ వేయొచ్చు.