వీధి కెమెరాలను పోలీస్ స్టేషన్‌కు కలపడం ఎలా? పోల్ దగ్గర నుంచి కోర్టు దాకా

ఊళ్లో గొలుసు తెంపుకుపోయిన మర్నాడు స్టేషన్‌లో ఫుటేజీ వెనక్కి తిప్పి చూస్తారు. బండి కనిపిస్తుంది, నంబరు కనిపించదు. మనిషి కనిపిస్తాడు, ముఖం ఉండాల్సిన చోట తెల్లటి మచ్చ ఉంటుంది. చాలాసార్లు కెమెరాలో ఏ లోపమూ ఉండదు. దాన్ని బిగించేటప్పుడు "ఇది మనకు ఏం చూపించాలి?" అని ఎవరూ అడిగి ఉండరు.

తెలంగాణలో 'నేను సైతం' కార్యక్రమం కింద కాలనీ సంఘాలు, దుకాణదారులు చందాలు వేసుకుని కెమెరాలు పెట్టించి స్టేషన్‌కు కలుపుతున్నారు. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజా భద్రతా చట్టం ప్రకారం జనం ఎక్కువగా వచ్చే సంస్థలు కెమెరాలు పెట్టి, ఫుటేజీని 30 రోజులు దాచాలి. జనం చందా డబ్బుతో పెట్టే కెమెరా అవసరమైన రోజున అక్కరకు రావాలి. అందుకని నాలుగు చౌరస్తాలు, 16 కెమెరాలు, ఒక పోలీస్ స్టేషన్ ఉన్న మండల కేంద్రాన్ని ఉదాహరణగా తీసుకుని, పని ఏ వరుసలో చేయాలో చెబుతాం.

1. ముందు కాగితం, తర్వాతే కొటేషన్

స్టేషన్ ఎస్సైని, ఊరి రోడ్లు తెలిసిన కానిస్టేబుల్‌ను వెంటబెట్టుకుని పగలు ఒకసారి, రాత్రి పది దాటాక ఒకసారి నాలుగు చౌరస్తాలూ తిరగండి. ప్రతి పోల్‌కు ఒక వాక్యం రాయండి: "బస్టాండ్ వైపు నుంచి వచ్చే బండి నంబరు చదవాలి", "ఏటీఎం ముందు నిలబడిన మనిషిని గుర్తుపట్టాలి", "చౌరస్తాలో గుంపు ఎటు కదులుతుందో తెలియాలి". ఈ మూడు పనులూ ఒకే కెమెరా చేయలేదు. చేస్తుందని ఎవరైనా చెబితే రాత్రి పూట డెమో చూపించమనండి.

2. లెన్స్ లెక్క

మెగాపిక్సెల్ ఎంత అని అందరూ అడుగుతారు, లెన్స్ ఎంత అని అడిగేవాళ్లు తక్కువ. అసలు తేడా అక్కడే వస్తుంది. దృశ్యంలో ఒక మీటరు వెడల్పుకు ఎన్ని పిక్సెళ్లు పడుతున్నాయన్నదే ఈ రంగంలో కొలమానం. ముక్కూమొహం తెలియని మనిషిని గుర్తించాలంటే మీటరుకు 250, తెలిసిన మనిషిని పోల్చుకోవాలంటే 125, ఎవరో ఉన్నారని తెలిస్తే చాలంటే 25.

లెక్క కట్టడం తేలికే. కెమెరాకు కనిపించే వెడల్పు కావాలంటే దూరాన్ని సెన్సర్ వెడల్పుతో గుణించి, లెన్స్ మిల్లీమీటర్లతో భాగించాలి. 1/3 అంగుళం సెన్సర్ వెడల్పు సుమారు 4.8 మిల్లీమీటర్లు. 4 ఎంఎం లెన్స్‌తో 10 మీటర్ల దూరంలో 12 మీటర్ల వెడల్పు కనిపిస్తుంది. 4 మెగాపిక్సెల్ కెమెరాలో అడ్డంగా 2560 పిక్సెళ్లు ఉంటాయి కాబట్టి మీటరుకు 213. ముఖానికి దాదాపు సరిపోతుంది. అదే మనిషి 20 మీటర్ల దూరంలో ఉంటే 107కు పడిపోతుంది. అక్కడ 12 ఎంఎం లెన్స్ పెడితే కనిపించే వెడల్పు 8 మీటర్లకు తగ్గి, మీటరుకు 320 వస్తుంది. దూరం కచ్చితంగా తేలని చోట 2.8 నుంచి 12 ఎంఎం దాకా మార్చుకోగలిగే వేరిఫోకల్ లెన్స్ తీసుకోండి.

ఎత్తు విషయంలోనూ జాగ్రత్త. ఎవరూ ముట్టుకోకూడదని ఆరేడు మీటర్ల ఎత్తున బిగిస్తే టోపీలు, బట్టతలలు తప్ప ముఖాలు పడవు. ముఖాల కోసం పెట్టే కెమెరాకు 3 నుంచి 3.5 మీటర్లు చాలు. చౌరస్తా మొత్తాన్ని చూసేదాన్ని 5, 6 మీటర్ల మీద పెట్టుకోవచ్చు. ఇళ్ల కిటికీలు, వాకిళ్లు చూపులోకి వస్తే ఆ భాగాన్ని ప్రైవసీ మాస్క్‌తో నల్లగా మూసేయండి. ఈ సెట్టింగ్ చాలా కెమెరాల్లో ఉంటుంది.

3. నంబర్ ప్లేట్‌కు విడిగా ఒక కెమెరా

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు కదులుతుంది. రాత్రి పూట కెమెరా తనంతట తానే షట్టర్‌ను 1/25 సెకనుకు తెచ్చుకుంటే, ఆ ఒక్క ఫ్రేమ్ పడేలోపే ప్లేటు 67 సెంటీమీటర్లు జరిగిపోతుంది. అంకెలన్నీ అలుక్కుపోయి ఒక గీతలా కనిపిస్తాయి. షట్టర్ 1/1000 పెడితే ఆ జరుగుడు రెండు సెంటీమీటర్లలోపే. అయితే చిత్రం చీకటిగా ఉంటుంది. ప్లేటు తప్ప మరేదీ కనిపించదు. అలాగే ఉండాలి. చూసేవాళ్లు "కెమెరా పనిచేయట్లేదు" అనుకుని సెట్టింగ్ మార్చేస్తుంటారు. అందుకే కెమెరా పేరులోనే 'ప్లేట్' అని చేర్చి పెట్టండి.

2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లన్నింటికీ వస్తున్న హై సెక్యూరిటీ ప్లేట్ల మీద వెలుతురును తిప్పికొట్టే పొర ఉంటుంది. కెమెరా ఇన్‌ఫ్రారెడ్ లైటు బలంగా ఉంటే ప్లేటు తెల్లటి పలకలా మెరిసిపోతుంది. లైటు, గెయిన్ (చీకటి చిత్రాన్ని వెలుతురుగా పెంచే సెట్టింగ్) తగ్గించుకుంటూ అంకెలు నల్లగా తేలే చోట ఆపండి. హెడ్‌లైట్ల మెరుపును అణచడానికి హెచ్‌ఎల్‌సీ అనే సెట్టింగ్ ఆన్ చేయండి. కెమెరా చూపుకూ బండి వచ్చే దారికీ మధ్య కోణం 30 డిగ్రీలు దాటకూడదు. స్పీడ్ బ్రేకర్ ఉన్న చోటు దొరికితే వదులుకోకండి. అక్కడ బండి తనే నెమ్మదిస్తుంది.

4. తీగ, డబ్బా, కరెంటు

వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఈ మూడింటి దగ్గరే పుడతాయి.

కెమెరాకు కరెంటు, డేటా రెండూ ఒకే క్యాట్-6 తీగలో పీఓఈ స్విచ్ నుంచి వెళ్తాయి. మామూలు పీఓఈ పోర్టు 15.4 వాట్లు ఇస్తుంది, పీఓఈ ప్లస్ 30 వాట్లు. స్థిరంగా ఉండే బుల్లెట్ కెమెరాకు మొదటిది చాలు. తిరిగే పీటీజెడ్ కెమెరాకు రెండోదైనా కావాలి. తీగ 100 మీటర్లు దాటకూడదు. 120 వేసినా వస్తుందని లాగించేవాళ్లు ఉన్నారు. మొదటి రోజు వస్తుంది, ఎండాకాలంలో ఆగిపోతుంది.

తీగ కొనేటప్పుడు లోపలి వైరును బ్లేడుతో గీకి చూడండి. ఎర్రటి రంగు పోయి వెండిలా మెరిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం. ధర తక్కువ, నిరోధం ఎక్కువ. దాని జబ్బు ఇలా బయటపడుతుంది: పొద్దంతా కెమెరా చక్కగా పనిచేస్తుంది. చీకటి పడి ఇన్‌ఫ్రారెడ్ బల్బులు వెలగగానే కరెంటు ఎక్కువ లాగుతుంది, తీగలో వోల్టేజ్ పడిపోతుంది, కెమెరా ఆగి మళ్లీ మొదలవుతుంది. రాత్రంతా అదే తంతు. కెమెరా మార్చినా ఫలితం ఉండదు. స్వచ్ఛమైన రాగి తీగ, బయట వాడటానికి నల్లటి యూవీ జాకెట్ ఉన్నదే తీసుకోండి.

పోల్ మీది డబ్బాలోకి తీగలన్నీ కింది నుంచే రావాలి. తీగ దూరే రంధ్రం దగ్గర నీరు చొరకుండా గ్లాండ్ (బిగింపు మూత) బిగించాలి. లోపలికి వచ్చే ముందు తీగ ఒక వంపు తిరిగి కిందికి వేలాడాలి. వాన నీరు ఆ వంపు కొసన చుక్కలుగా రాలిపోతుంది. పైనుంచి తీగ దించిన డబ్బా తెరిస్తే మొదటి వానాకాలానికే స్విచ్ పోర్టుల్లో ఆకుపచ్చ చిలుము, అడుగున చీమల పుట్ట కనిపిస్తాయి. వాడని రంధ్రాలను మూసేయండి.

నాలుగు కెమెరాలు, స్విచ్, ఫైబర్ కన్వర్టర్ కలిపి ఒక పోల్ మీద సుమారు 60 వాట్లు. నాలుగు గంటలు నడవాలంటే 240 వాట్-అవర్లు. ఇన్వర్టర్ నష్టాలు, బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేయకూడదన్న నియమం కలిపి చూసుకుంటే 12 వోల్టుల 42 ఏహెచ్ బ్యాటరీ కావాలి. ఎండ డబ్బాలో బ్యాటరీ త్వరగా చచ్చిపోతుంది. 25 డిగ్రీల మీద ప్రతి పది డిగ్రీలకూ దాని ఆయుష్షు సగమవుతుంది. డబ్బాకు తెల్ల రంగు వేసి, పైన రెండో రేకు గొడుగులా బిగించండి. పక్క దుకాణం నీడన పెట్టుకోగలిగితే ఇంకా మేలు.

ప్రతి పోల్‌కూ సొంత ఎర్తింగ్ ఉండాలి, 5 ఓమ్‌లలోపు రావాలి. బిగించినవాళ్ల ముందే మీటరు పెట్టి కొలిపించండి.

5. పోల్ నుంచి స్టేషన్‌కు ఫైబర్

ఇంటర్నెట్ కనెక్షన్ మీద 16 కెమెరాలు నడపాలన్న ఆలోచన మానుకోండి. ఒక్కో కెమెరా 3 ఎంబీపీఎస్ చొప్పున 48 ఎంబీపీఎస్ రాత్రింబగళ్లు ఆగకుండా పోవాలి. సింగిల్ మోడ్ ఫైబర్ వేయండి, లేదా కేబుల్ ఆపరేటర్ దగ్గర ఖాళీగా ఉన్న పోగును అద్దెకు తీసుకోండి. ఫైబర్‌లో కిలోమీటరుకు సుమారు 0.35 డెసిబెల్ నష్టం మాత్రమే, మండల కేంద్రంలో దూరం సమస్యే కాదు. పైగా ఒక పోల్ మీద పిడుగు పడితే ఆ దెబ్బ గాజు పోగు గుండా స్టేషన్‌లోని యంత్రానికి రాదు. ఇనుప కవచం ఉన్న ఫైబర్ అయితే ఆ కవచాన్ని ఎర్త్ చేయడం మరవకండి. రెండు పోగులు అదనంగా వేయించుకోండి. రోడ్డు తవ్వకాల్లో ఎప్పుడో ఒకప్పుడు అవసరపడతాయి.

6. ఎన్ని రోజులు దాచాలి, ఎంత డిస్కు కావాలి

3 ఎంబీపీఎస్ అంటే కెమెరాకు రోజుకు 32.4 జీబీ. 30 రోజులకు 972 జీబీ. 16 కెమెరాలకు దాదాపు 15.6 టీబీ. 8 టీబీ డిస్కులు నాలుగు తీసుకుని రెయిడ్-5లో కలిపితే వాడుకోవడానికి 24 టీబీ దొరుకుతుంది. ఒక డిస్కు పోయినా ఫుటేజీ పోదు. నిఘా కోసమే చేసిన డిస్కులనే కొనండి. డెస్క్‌టాప్ డిస్కు ఆగకుండా రాసే పనికి తట్టుకోదు. కదలిక ఉన్నప్పుడే రికార్డు చేసే పద్ధతిని చౌరస్తాలో పెట్టకండి. డిస్కు ఆదా కోసం చూస్తే సరిగ్గా కావాల్సిన రెండు సెకన్లు పోతాయి.

స్టేషన్ లోపలి కెమెరాల లెక్క పూర్తిగా వేరు. పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో 2020 డిసెంబర్ 2న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం లాకప్, వరండా, ఇన్‌స్పెక్టర్ గది, రాకపోకల దారులు సహా స్టేషన్ అంతటా మాటలతో సహా రికార్డు కావాలి, 18 నెలలు దాచాలి. అంతకాలం దాచే పరికరం దొరక్కపోయినా ఏడాదికి తగ్గకూడదు. కెమెరాకు 1 ఎంబీపీఎస్ వేసుకున్నా 18 నెలలకు దాదాపు 6 టీబీ. వీధి కెమెరాల ఎన్‌వీఆర్‌లోనే (ఫుటేజీ రికార్డు చేసే యంత్రంలోనే) వీటిని కలిపేస్తే రెండూ చెడతాయి. విడిగా యంత్రం పెట్టండి.

7. తాళాలు

2016లో మిరాయ్ అనే వైరస్ లక్షలాది కెమెరాల్లోకి, రూటర్లలోకి దూరింది. వాటిలో చాలావాటికి ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ అలాగే ఉంది. మీ ఊరి కెమెరాకూ ఆ గతి పట్టకూడదంటే ఇవి చేయండి. ప్రతి కెమెరాకూ పాస్‌వర్డ్ మార్చండి. కెమెరాలకు విడి వీలాన్ (స్విచ్‌లోనే వేరుచేసిన నెట్‌వర్క్) కేటాయించండి. స్టేషన్ కంప్యూటర్లున్న నెట్‌వర్క్‌లో అవి కనిపించకూడదు. ఇంటర్నెట్ నుంచి నేరుగా కెమెరాకు దారి తెరిచే పోర్ట్ ఫార్వర్డింగ్ రూటర్‌లో వద్దు, కంపెనీ సర్వర్ ద్వారా చూపించే పీ2పీ క్లౌడ్‌ను కెమెరాలో ఆపేయండి. బయటి నుంచి చూడాల్సిన అధికారికి వీపీఎన్ (తాళం వేసిన విడి దారి) ఇవ్వండి. స్విచ్‌లో వాడని పోర్టులు మూసేయండి, ఎందుకంటే పోల్ మీది డబ్బా రోడ్డు మీదే ఉంటుంది. పాస్‌వర్డ్ల జాబితా కాంట్రాక్టర్ ఫోన్‌లో ఉండకూడదు, స్టేషన్‌లో సీల్డ్ కవర్‌లో ఉండాలి.

కొనేటప్పుడు రెండు అడగండి. ఒకటి, వేర్వేరు కంపెనీల పరికరాలు కలిసి పనిచేయడానికి పెట్టిన ప్రమాణం, ఓఎన్‌వీఐఎఫ్ ప్రొఫైల్ టి ఉందా అని. ఉంటే రేపు మరో కంపెనీ రికార్డర్‌తో కలపవచ్చు. రెండు, కేంద్ర ప్రభుత్వ పరీక్షా సంస్థ ఎస్‌టీక్యూసీ ఇచ్చే సర్టిఫికెట్. సీసీ కెమెరాల భద్రతపై కేంద్రం పెట్టిన నిబంధనలు 2025 ఏప్రిల్ 9 నుంచి అమల్లో ఉన్నాయి.

8. గడియారం

ఎన్‌వీఆర్ టైమ్ ఏడు నిమిషాలు వెనకబడితే, కాల్ రికార్డుతో ఫుటేజీ పొసగదు. నిందితుడి తరఫు వకీలు పట్టుకునేది దాన్నే. ఎన్‌వీఆర్‌ను కేంద్ర ప్రభుత్వ సంస్థలైన ఎన్‌ఐసీ లేదా ఎన్‌పీఎల్ టైమ్ సర్వర్‌కు కట్టి, కెమెరాలన్నీ ఎన్‌వీఆర్ నుంచి టైమ్ తీసుకునేలా పెట్టండి.

9. బిల్లు ఇచ్చే ముందు రాత్రి పరీక్ష

పగటి చిత్రం చూసి సంతకం చేయకండి. రాత్రి పదకొండుకు ఒక కానిస్టేబుల్‌ను ప్రతి కెమెరా ముందు నడిపించండి. ఒక బైకును హెడ్‌లైట్ వేసి 40 వేగంతో పోనివ్వండి. లైవ్‌లో కాకుండా, రికార్డయిన ఫుటేజీలో ముఖం, నంబరు తెలుస్తున్నాయో లేదో మొదటి వాక్యాల కాగితంతో సరిచూడండి. తర్వాత పోల్‌కు కరెంటు తీసేసి బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో గడియారం పెట్టి చూడండి. ఒక డిస్కు బయటకు లాగి, రికార్డింగ్ ఆగలేదని నిర్ధారించుకోండి.

10. రోజువారీ పని

పొద్దున్నే పది నిమిషాలు: 16 చిత్రాలూ వస్తున్నాయా, నిన్న అర్ధరాత్రి రికార్డింగ్ ఉందా, టైమ్ సరిగ్గా ఉందా. నెలకోసారి అద్దాలు తుడిపించండి. రాత్రి కెమెరా చుట్టూ పురుగులు చేరతాయి, పురుగుల కోసం సాలీడు గూడు కడుతుంది. రాత్రి ఆ దారాలు తెల్లగా మెరుస్తూ సగం చిత్రాన్ని కప్పేస్తాయి. వేపకొమ్మలు వానాకాలం తర్వాత కొట్టించాలి. వినాయక చవితి మండపాలకు, నాయకుల ఫ్లెక్సీలకు అనుమతి ఇచ్చేటప్పుడే కెమెరా ముందు కట్టకూడదన్న షరతు రాయించండి. ఏడాది నిర్వహణ ఒప్పందంలో ఆగిపోయిన కెమెరాను 48 గంటల్లో బాగుచేయాలని, లేకుంటే బిల్లులో కోత పెడతామని ఉండాలి.

11. ఫుటేజీ తీసేటప్పుడు

నేరం తెలిసిన రోజే ఆ క్లిప్‌ను ఎన్‌వీఆర్‌లో లాక్ చేయండి. తెర మీద ఆడుతున్న వీడియోను ఫోన్‌తో తీసి వాట్సాప్‌లో పంపడం వెతుకులాటకు పనికొస్తుంది కానీ సాక్ష్యానికి పనికిరాదు. వాట్సాప్ దాన్ని కుదించేస్తుంది, అసలు ఫైల్‌తో పోలిక పోతుంది. ఎన్‌వీఆర్ సొంత ఫార్మాట్‌లో, దాన్ని ఆడించే ప్లేయర్‌తో సహా కొత్త పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. వెంటనే ఎస్‌హెచ్‌ఏ-256 హాష్ (ఫైల్‌లో ఏ కాస్త మారినా మారిపోయే, వేలిముద్ర లాంటి అంకెలు, అక్షరాల వరుస) తీసి పంచనామాలో రాయండి. ఆ క్షణాన ఎన్‌వీఆర్ చూపిస్తున్న టైమ్, సరైన టైమ్ రెండూ పక్కపక్కన రాయండి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ రెండు భాగాలు. ఎ భాగంలో యంత్రం ఎవరి ఆధీనంలో ఉందో వారు, బి భాగంలో నిపుణుడు సంతకం చేయాలి. హాష్ విలువ రెండింటిలోనూ ఉండాలి. దుకాణదారు కెమెరా నుంచి తీసుకుంటే ఎ భాగంపై సంతకం ఆయనదే. కాబట్టి ఆ ఫారం స్టేషన్‌లో ముందే ముద్రించి పెట్టుకుని, ఫుటేజీ తీసిన రోజే ఆయన చేత సంతకం చేయించండి. కేసు విచారణకు వచ్చే నాటికి ఆ దుకాణం చేతులు మారి ఉండొచ్చు.