లాగు పేపర్‌ను కిందికెళ్లి కోయకండి: బడులు తెరిచేలోపు పొడవు జాగ్రత్తలు

మే నెల వచ్చిందంటే నల్లగొండ, దేవరకొండ, నాగర్‌కర్నూల్ దిక్కు ఇంట్లో మిషన్ పెట్టుకున్న ఆడవాళ్లకు ఊపిరి సలపదు. మామూలుగా జూన్ 12న బడులు తెరుస్తారు, ఆలోపు యూనిఫాంలు చేతికందాలి. బట్టలు పాడయ్యేది ఎక్కువగా ఈ తొందరలోనే. పెద్దోడి ప్యాంటు ప్యాటర్న్, అంటే కొలతకు కోసిపెట్టుకున్న పేపర్, తీసి చిన్నోడి బట్ట మీద పరుస్తారు, పొడవు ఎక్కువైందని బాటమ్ దగ్గర మూడు అంగుళాలు కత్తిరిస్తారు, అయిపోయిందనుకుంటారు.

జర లెక్క చూడండి. మోకాలి దగ్గర చుట్టుకొలత 18 అంగుళాలు, అక్కడి నుంచి 16 అంగుళాలు దిగేసరికి బాటమ్ 14 అనుకుందాం. అంగుళానికి పావు చొప్పున సన్నబడుతోందన్నమాట. కింద మూడు కోసేస్తే బాటమ్ పద్నాలుగు ముప్పావుకు పోతుంది. ప్యాటర్న్ మోకాలు పిల్లాడి మోకాలి కిందికి జారుతుంది. కొలత సరిపోయినా ప్యాంటు అన్న దగ్గర అడిగి తెచ్చుకున్నట్టే కనిపిస్తుంది.

అందుకే పేపర్ ముట్టుకునే ముందు రెండు కొలతలు తీయండి. ఒకటి రైజ్: పిల్లాడిని గట్టి బల్ల మీద నిటారుగా కూర్చోబెట్టి, నడుం నుంచి పక్కగా బల్ల దాకా టేపు పెట్టాలి. రెండోది కాళ్ల నడుమ కుట్టు కలిసే చోటు నుంచి మడమ దాకా లోపలి పొడవు. ఇది బూట్లు తొడిగి తీస్తేనే నమ్మకం. బయటి పొడవు ఒక్కటే రాసుకుంటే మోసపోతాం. ఇద్దరికీ 36 అంగుళాలే ఉండొచ్చు, ఒకడికి రైజ్ 9, లోపలి పొడవు 27. ఇంకొకడికి పదిన్నర, ఇరవై ఐదున్నర. అదే కొలతలు ప్యాటర్న్ మీద చూసేటప్పుడు కుట్టు మార్జిన్, కింది మడత లెక్కలో కలపొద్దు. నడుం పట్టీ వేరే ముక్కగా వస్తుంటే దాని వెడల్పు రైజ్‌లో కలపడం మరవొద్దు.

ఇక పేపర్ మీద మూడు అడ్డగీతలు గీయండి: పిరుదులకూ నడుముకూ మధ్య ఒకటి, తొడ నడిమిలో ఒకటి, మోకాలి కింద ఒకటి. మూడూ గ్రెయిన్ లైన్‌కు, అంటే ప్యాటర్న్ మీది నిలువు బాణం గీతకు, మూలమట్టంగా ఉండాలి. గీత వంకరపోతే కాలు మెలితిరుగుతుంది. లోపలి పొడవు మూడు అంగుళాలు తగ్గాలంటే తొడ దగ్గర ఒకటిన్నర, మోకాలి కింద ఒకటిన్నర మడిచి అంటించండి. పెంచాలంటే అక్కడే కోసి, సందులో వేరే కాగితం అతికించండి. రైజ్ తేడా ఉంటే పై గీత దగ్గరే సరిచేయండి. జిప్పు పొడవు, జేబు నోరు కూడా మళ్లీ చూసుకోవాలి. ముందు ముక్కకు ఎంత చేశారో వెనుక ముక్కకూ అంతే, అదే ఎత్తులో. మడిచిన చోట పక్క గీతలో మెట్టు పడుతుంది. దాన్ని స్కేలుతో సాఫుగా కలపండి. మెట్టు మీదే కత్తెర పోనిస్తే కుట్టులో బుడిపె వస్తుంది.

యూనిఫాం టెర్రీకాటన్ పెద్దగా ముడుచుకోదు. నిఖార్సైన నూలు బట్టకు మాత్రం నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేశాకే కత్తెర పెట్టండి. మన ఎండలకు ఎంతసేపు ఆరాలి! పోచంపల్లి, కొయ్యలగూడెం ఇక్కత్ బట్టతో ప్యాంటు కుడుతుంటే పొడవు మార్పులన్నీ పేపర్ మీదే ముగించాలి. పక్క కుట్టు దగ్గర రెండు ముక్కల డిజైన్ ఒకే వరుసలో కలవాలి కదా, కోసిన తర్వాత జరపడానికి చోటుండదు.

ఎదిగే పిల్లలకు కింద రెండు, రెండున్నర అంగుళాల మడత వదలడం మంచిదే. సన్నబడే కాలైతే ఆ మడత భాగం అంచులు బయటికి విచ్చుకునేలా కోయాలి, లేకుంటే లోపలికి మడిచినప్పుడు బిగుసుకుపోతుంది. వెనుక నడిమి కుట్టులో కూడా అంగుళం ఎక్కువ మార్జిన్ ఉంచండి. నన్నడిగితే కింది మడత కన్నా ఇదే ఎక్కువ అక్కరకొస్తుంది. రైజ్ మాత్రం తర్వాత పెంచలేం, కాబట్టి మొదలే అర అంగుళం వదులుగా పెట్టండి.

బాటమ్ మడత పక్కాగా కుట్టకముందే కచ్చా కుట్టుతో తొడిగించి, పిల్లాడిని చాప మీద సక్లముక్లం కూర్చోబెట్టండి. వెనుక నడుం కిందికి లాగుతుంటే రైజ్ చాలలేదన్నట్టు. కింద ఎంత వదిలినా అది సరికాదు, పేపర్ మీద పై గీత దగ్గరికే మళ్లీ వెళ్లాలి.