పద్దెనిమిదో శతాబ్ది తొలినాళ్ల ఆంగ్ల సంకలనాలలో ప్రేమకవితలను చదివే పద్ధతి

పద్దెనిమిదో శతాబ్ది మొదటి ఇరవై ఏళ్లలో లండన్‌లో అచ్చయిన కవితాసంకలనాలను తెరిస్తే, గ్రీకు నుంచో లాటిన్ నుంచో తెచ్చిన ప్రేమకవిత పక్కనే, ఆనాటి కవి తన ప్రియురాలిని ఉద్దేశించి రాసిన కవిత తరచుగా కనిపిస్తుంది. 1712లో బెర్నార్డ్ లింటాట్ ప్రచురించిన సంకలనం పేరులోనే కవితలు, అనువాదాలు రెండూ ఉన్నాయి. 1714 సంవత్సరం వేసి రిచర్డ్ స్టీల్ వెలువరించిన సంకలనం 'స్వతంత్ర కవితలు, అనువాదాలు' అని తన ముఖపత్రం మీదే చెప్పుకుంది. నేటి పాఠకులలో చాలామంది కవి మనసు స్వతంత్ర కవితలలోనే దొరుకుతుందని నమ్మి అనువాదాలను దాటేస్తారు. అలా చదివితే ఈ పుస్తకాలలోని మేలైన భాగమే చేజారిపోతుంది. ఆ కాలపు కవులు తమ సొంత మాటను ఎన్నోసార్లు అనువాదం చాటున చెప్పుకున్నారు. సొంతమని పేరు పెట్టిన కవితకు చట్రాన్ని ప్రాచీనుల దగ్గర తెచ్చుకున్నారు. అందుచేత ప్రతి కవిత దగ్గరా వేసుకోవలసిన ప్రశ్న ఒకటే: ఇది తన మూలానికి ఎంత దూరం జరిగింది, ఆ జరగడంలో కవి ఏమి చేర్చాడు, ఏమి వదిలాడు?

మొదట ఒక్క సంకలనాన్ని ఎంచుకొని దాన్ని పూర్తిగా చూడండి. జాకబ్ టాన్సన్ 1684 నుంచి 1709 వరకు ఆరు భాగాలుగా వెలువరించిన సంకలనాలలో చివరిదైన 1709 భాగం మంచి ఆరంభం. అంబ్రోజ్ ఫిలిప్స్ గోపకవితలతో, అంటే గొల్లల జీవితాన్ని పాడే కవితలతో, మొదలై అలెగ్జాండర్ పోప్ గోపకవితలతో ముగిసే ఆ పుస్తకంలో, పద్నాలుగో శతాబ్ది కవి చాసర్ కథకు పోప్ రాసిన కొత్త రూపం కూడా ఉంది. స్కాన్ ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనూ గూగుల్ బుక్స్‌లోనూ ఉచితంగా దొరుకుతాయి. ఆ కాలపు అచ్చులో పదం మొదట్లోనూ నడుమనూ వచ్చే 'ఎస్' అక్షరం పొడవుగా, చూపుకు 'ఎఫ్' లాగే ఉంటుంది. యంత్రం దాన్ని తప్పుగా చదవడం వల్ల స్కాన్ ప్రతిలో పదాల వెతుకులాట తరచుగా విఫలమవుతుంది కనుక, విషయసూచిక పట్టుకొని పుటలు తిప్పడమే నమ్మకమైన దారి. ఒక కవిత ఇంకా ఏయే సంకలనాలలో అచ్చయిందో తెలుసుకోవడానికి ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారి డిజిటల్ మిసెలనీస్ ఇండెక్స్‌లో మొదటి పాదంతో వెతకండి. శీర్షికతో వెతకడం కంటే మొదటి పాదంతో వెతకడం మంచిది, ఎందుకంటే ప్రచురణకర్తలు ఒక సంకలనం నుంచి మరొకదానికి పోయేటప్పుడు శీర్షికలను యథేచ్ఛగా మార్చేవారు. ముఖపత్రం మీది సంవత్సరాన్ని కూడా కళ్లు మూసుకొని నమ్మకూడదు. పైన చెప్పిన స్టీల్ సంకలనం 1714 అని వేసుకున్నా, 1713 డిసెంబరు చివరలోనే బయటికి వచ్చింది.

తరువాత ప్రతి కవిత నెత్తిన ఉన్న చిన్న వాక్యాన్ని చదవండి. ఫలానా కవి నుంచి అనువాదం, ఫలానా గీతానికి భావానువాదం, ఫలానా వారి అనుకరణ అని అక్కడ రాసి ఉంటుంది. ఈ మూడు మాటల వెనుక ఆంగ్ల కవి జాన్ డ్రైడెన్ 1680లో చేసిన విభజన ఉంది. పురాణనాయికలు తమ ప్రియులకు రాసినట్లుగా రోమన్ కవి ఓవిడ్ రాసిన నాయికల లేఖలను పలువురు కవుల చేత ఇంగ్లీషు చేయించి టాన్సన్ ఆ ఏడాది ప్రచురించగా, డ్రైడెన్ దానికి పీఠిక రాసి, పదానికి పదం పెట్టడం, రచయితను కనుచూపులో ఉంచుకొని భావాన్ని విస్తరించడం, మూలాన్ని సూచనగా మాత్రమే తీసుకొని స్వేచ్ఛగా రాయడం అని అనువాదాన్ని మూడు విధాలుగా చెప్పి, నడిమి దారిని మెచ్చుకున్నాడు. అదే పుస్తకంలో, పారిస్ విడిచిపెట్టిన ఈనోనీ అతనికి రాసినట్లున్న లేఖకు రచయిత్రి అఫ్రా బెన్ ఇచ్చిన రూపం మూడో విధానికి దగ్గరగా పోయింది. ఆమెకు లాటిన్ రాదని చెబుతూనే, రాకపోయినా ఇలా రాసిందంటే వచ్చిన తాము సిగ్గుపడవలసి ఉంటుందని డ్రైడెన్ పీఠికలో ఒప్పుకున్నాడు. ఈ సంకలనాలలో స్త్రీల రచనలను చదివేటప్పుడు ఆ మాటను గుర్తుంచుకోవాలి. ప్రాచీన భాషల చదువు స్త్రీలకు సాధారణంగా అందని కాలంలో, అనువాదమనే ఆ తలుపు గుండానే బెన్ ఆ గోష్ఠిలోకి వచ్చి, అందరికంటే ఎక్కువ స్వేచ్ఛ తీసుకుంది.

ఇక అసలు అభ్యాసం. దీనికి నేను సూచించేది సాఫో గీతం. గ్రీకు కవయిత్రి సాఫో రాసిన ఈ గీతం లాంజైనస్ పేరుతో ఉన్న అలంకారగ్రంథంలో ఉదాహరణగా మిగలడం వల్ల మనదాకా వచ్చింది. నీ ఎదుట కూర్చుని నీ మాటా నవ్వూ వింటున్న ఆ మనిషి దేవతలకు సమానుడిలా తోస్తున్నాడని మొదలై, నాలుక విరిగిపోవడం, చర్మం కింద సన్నని నిప్పు పాకడం, కళ్లకు ఏమీ కనబడకపోవడం, చెవుల్లో హోరు, చెమట, వణుకు, గడ్డికంటే పాలిపోవడం, చావుకు దగ్గరైనట్లు అనిపించడం వరకు అది సాగుతుంది. 1711 నవంబరులో జోసెఫ్ అడిసన్ తన స్పెక్టేటర్ పత్రిక 229వ సంచికలో ఈ గీతానికి కతుల్లస్ లాటిన్ రూపం, బొవాలో ఫ్రెంచి రూపం, అంబ్రోజ్ ఫిలిప్స్ ఇంగ్లీషు రూపం మూడింటినీ వరుసగా అచ్చువేశాడు. ఆ సంచికలు వెంటనే సంపుటాలుగా కూడా వచ్చాయి. పోల్చి చదవడానికి ఇంతకంటే మంచి పుట ఆ కాలంలో నాకు కనిపించలేదు.

నాలుగు రూపాలనూ ఒక కాగితం మీద నిలువు వరుసలుగా రాసుకోండి. గ్రీకు, లాటిన్ రానివారు నేటి వచనానువాదాలను పెట్టుకోవచ్చు. మొదట లెక్కించవలసింది శరీరంలో కలిగిన మార్పులను. ఫిలిప్స్ రూపంలో గడ్డి పోలిక మాయమైంది. దాని చోట, బలహీనమైన నాడి కొట్టుకోవడం మరచిపోయిందనే పాదం చేరింది. ఈ నాడి సాఫోలో లేదు, కతుల్లస్‌లో లేదు, బొవాలోలోనూ లేదు. అదే సంచికలో అడిసన్, ప్రేమను దాచుకొని మంచం పట్టిన ఆంటియోకస్ జబ్బును వైద్యుడు ఎరాసిస్ట్రాటస్ సాఫో చెప్పిన లక్షణాలను బట్టే కనిపెట్టాడన్న ప్లూటార్క్ కథను చెప్పాడు. ఆ కథ పక్కన చదివినప్పుడు ఫిలిప్స్ చేర్చిన నాడి ఎంత చక్కగా అమరిందో చూడండి. రెండోది కాలం. సాఫో ఇప్పుడు జరుగుతున్నట్లు చెబుతుంది; ఫిలిప్స్ ప్రధానమైన భాగమంతా జరిగిపోయినట్లు చెప్పి, మూర్ఛపోయాను, కుంగాను, ప్రాణం పోయిందన్న పాదంతో ముగిస్తాడు. మూలంలోని దడ ఇక్కడ జ్ఞాపకంగా మారి మెత్తబడింది. మూడోది నడక. మూడు పొడుగు పాదాల వెంట ఒక పొట్టి పాదం వచ్చే గ్రీకు చరణం, ఇంగ్లీషులో జంటగా ప్రాస కలిసే పొట్టి పాదాలుగా మారి, తడబడవలసిన చోట కూడా సాఫీగా నడుస్తుంది. నా దృష్టిలో ఫిలిప్స్ కవితకు ఉన్న మాధుర్యమూ లోపమూ ఈ నడకలోనే ఉన్నాయి.

నాలుగోది, అన్నింటికంటే ముఖ్యమైనది: ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు? సాఫో గీతంలో మాట్లాడేది స్త్రీ, ఆమె చూస్తున్నదీ స్త్రీనే. అడిసన్ తన పాఠకులకు, సందర్భం ఏదైనా, ప్రియుడొకడు ప్రియురాలి పక్కన కూర్చుని చెప్పినట్లు ఊహించుకొమ్మని సలహా ఇచ్చాడు. అంతకు ముందు 223వ సంచికలో వచ్చిన, సాఫోదే అయిన వీనస్ స్తోత్రంలో, ఆ ప్రేమదేవత ఓదార్పుగా చెప్పే మాటల్లో ఫిలిప్స్ ఆ ప్రియవ్యక్తిని పురుషుణ్ణి చేశాడు. ఇలాంటి మార్పు కనబడినప్పుడు తప్పు పట్టి వదిలేయకుండా, ఆ కాలం ఏ ప్రేమను అచ్చులో చూడడానికి సిద్ధపడిందో, దేన్ని కప్పిపుచ్చిందో మీ కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఈ అలవాటు పట్టుబడ్డాక నాయికల లేఖల వైపు వెళ్లండి. 1680 నాటి ఓవిడ్ సంకలనం మళ్లీమళ్లీ అచ్చయి, 1712 నాటి ముద్రణలో పోప్ అనువదించిన 'సాఫో ఫేయన్‌కు రాసిన లేఖ'ను కలుపుకుంది. అది, సాఫో తన ప్రియుడికి రాసినట్లుగా ఓవిడ్ రాసిన లేఖకు అనువాదం. అయిదేళ్ల తరువాత, 1717 నాటి తన రచనల సంపుటిలో, పోప్ అదే మూసలో 'ఎలోయిసా అబెలార్డ్‌కు' అనే కవితను ప్రకటించాడు. ఎలోయిసా, అబెలార్డ్ విడిపోయి ఆశ్రమాలలో చేరిన పన్నెండో శతాబ్ది ప్రేమికులు; వారి లేఖలను ఫ్రెంచి రూపం నుంచి జాన్ హ్యూజ్ 1713లో ఇంగ్లీషు వచనంలోకి తేగా, ఆ వచనం నుంచి పోప్ తన కవితకు సామగ్రి తీసుకున్నాడు. ఈ రెండింటినీ ఒకే కూర్చోటులో చదవండి. ఓవిడ్‌ను అనువదిస్తూ నేర్చుకున్న కంఠం ఎలోయిసా నోట ఎలా పలికిందో, ఆశ్రమపు గోడలు, దైవభక్తి మధ్యకు వచ్చి ఆ వేదనను ఎలా రెండింతలు చేశాయో తెలుస్తుంది. చివరి పాదాలలో, ఏళ్ల తరబడి ఎడబాటును అనుభవించే కవి ఒకడు భవిష్యత్తులో పుడతాడని ఎలోయిసా అంటుంది. అప్పటికి, పోప్ అభిమానించిన రచయిత్రి లేడీ మేరీ వోర్ట్లీ మాంటేగ్యు భర్తతో టర్కీ వెళ్లిపోయి ఉంది. కవితలో ఒక చోటును ఆమె అర్థం చేసుకోవాలని కోరుకోవాలో వద్దో తనకే తెలియడం లేదని పోప్ ఆమెకు ఉత్తరంలో రాశాడు. అరువు తెచ్చుకున్న కథలో కవి తన గుండెను దాచుకున్న తీరుకు ఇది నాకు అత్యంత ప్రియమైన ఉదాహరణ.

స్వతంత్ర కవితలను చదివేటప్పుడు ఇదే పనిని తిరగేసి చేయాలి. క్లోయీ, సీలియా, ఫిలిస్, స్ట్రెఫన్ వంటి పేర్లు గోపకవితల సంప్రదాయం నుంచి వచ్చినవి. వాటి వెనుక నిజమైన మనుషులను వెతకడానికి తొందరపడవద్దు. మాథ్యూ ప్రయర్ 1718 నాటి సంపుటిలోని కవితలో, అలిగిన క్లోయీని బుజ్జగిస్తూ, ఇతరులను పద్యంలో పలకరిస్తాను కాని నిన్ను వచనంలో ప్రేమిస్తాను అంటాడు. మాటామంతీలా ఉండే ఆ కవిత చివరకు, రోమన్ కవి హొరేస్, అతని ప్రియురాలు లిడియాల్లాగా మనమూ రాజీ పడదామంటుంది. విడిపోయిన ప్రేమికులు చరణానికి చరణం బదులిచ్చుకుంటూ మళ్లీ కలిసే హొరేస్ మూడో పుస్తకంలోని తొమ్మిదో గీతాన్ని ముందు చదివి ఉంటేనే ఆ పిలుపులోని చనువు అందుతుంది.

తెలుగు పాఠకులకు ఈ నాయికల లేఖలు చదువుతుంటే మన అలంకారశాస్త్రంలోని విరహోత్కంఠిత, ఖండిత గుర్తుకు రావడం సహజమే. ఆ పేర్లు చదివే చెవిని సిద్ధం చేస్తాయి, కాని ఓవిడ్ నాయికలకు అంటించవద్దు. వారు వాదిస్తారు, నేరారోపణ చేస్తారు, పురాణకథ ముగింపు మనకు తెలిసి ఉండగా తమకు తెలియకుండా మాట్లాడతారు. మనకు నిజంగా చేరువైన చోటు మాంటేగ్యు ఉత్తరాలలో ఉంది. 1717 ఏప్రిల్ 1న టర్కీలోని అడ్రియానోపుల్ నుంచి పోప్‌కు రాస్తూ, ఇబ్రహీం పాషా సుల్తాను కుమార్తె మీద చెప్పిన కవితను ఆమె మొదట మాటకు మాటగా, తరువాత ఇంగ్లీషు కవితారీతిలో రెండుసార్లు ఇచ్చింది. కళ్లను లేడికళ్లతో పోల్చడం తమ భాషలో హాస్యంగా వినిపిస్తుందేమోనని సందేహిస్తూనే ఆ పోలికను వదలలేకపోయానని చెప్పింది. 1763లో అచ్చయిన ఆ ఉత్తరాన్ని చదివి, రెండు రూపాలనూ పక్కపక్కన పెట్టి, సాఫో కోసం గీసుకున్న నిలువు వరుసలనే మళ్లీ గీయండి. అనువాదకురాలు తాను చేసిన పనిని తానే వివరిస్తున్నది కనుక, మీ గమనికలు సరిగా ఉన్నాయో లేదో ఆమె మాటలతోనే సరిచూసుకోవచ్చు.