పాత అడ్వెంచర్ గేములు, కొత్త కంప్యూటర్లు – 3వ పాఠం: స్కమ్‌వీఎం

గత పాఠంలో డాస్‌బాక్స్ అనే ప్రోగ్రామ్‌తో ఒక పాత డాస్ (విండోస్‌కు ముందు వాడిన వ్యవస్థ) కంప్యూటర్‌నే మన కంప్యూటర్‌లో నిలబెట్టాం. ఈసారి దారి వేరు.

64 బిట్ల విండోస్ 16 బిట్ల డాస్ ప్రోగ్రాములను నడపదు. అయితే చాలా అడ్వెంచర్ గేముల్లో ఆ ప్రోగ్రామ్ తోలుబొమ్మలాడించేవాడి లాంటిది. బొమ్మలు, మాటలు, కథ నడిచే తీరు అన్నీ పక్కన డేటా ఫైళ్లలో భద్రంగా ఉంటాయి. 1987లో లూకస్‌ఫిల్మ్ గేమ్స్ 'మేనియాక్ మాన్షన్' కోసం స్కమ్ అనే పద్ధతిని ఇలాగే కట్టింది. తర్వాతి గేములు ఎన్నో దాని మీదే వచ్చాయి. ఆడించేవాణ్ణి కొత్తగా తయారుచేసుకుంటే పాత పెట్టెలోని బొమ్మలన్నీ మళ్లీ ఆడతాయి కదా! 2001లో మొదలైన స్కమ్‌వీఎం అనే ప్రోగ్రామ్ చేసింది అదే. ఇప్పుడు సియెర్రా, రెవల్యూషన్ వంటి ఇతర సంస్థల గేములనూ ఆడిస్తుంది. ఉచితం.

సాధనకు రెవల్యూషన్ వారి 'బినీత్ ఎ స్టీల్ స్కై' తీసుకుందాం. 1994 నాటి ఈ గేమ్‌ను 2003లో వాళ్లే ఉచితంగా ఇచ్చేశారు. స్కమ్‌వీఎం సైట్‌లోనే దొరుకుతుంది. సీడీ వెర్షన్ దించుకోండి, మాటలు వినిపిస్తాయి.

జిప్‌ను తప్పనిసరిగా విప్పండి. స్కమ్‌వీఎం తెరిచి 'యాడ్ గేమ్' నొక్కి ఫోల్డర్ చూపించండి. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే: విప్పిన ఫోల్డర్‌లో ఇంకో ఫోల్డర్ ఉండి, పైదాన్ని చూపిస్తే గేమేదీ కనబడలేదంటుంది. స్కై డాట్ డీఎస్‌కే, స్కై డాట్ డీఎన్‌ఆర్ అనే ఫైళ్లు నేరుగా ఏ ఫోల్డర్‌లో ఉన్నాయో దాన్నే ఎంచుకోండి.

ఆడబోయే ముందు గ్రాఫిక్స్ సెట్టింగుల్లో 'యాస్పెక్ట్ రేషియో కరెక్షన్' పెట్టండి. దీన్ని వదిలేయొద్దని గట్టిగా చెబుతాను. అప్పటి బొమ్మ 320 అడ్డం, 200 నిలువు చుక్కలు. నాటి మానిటర్ 4:3 కాబట్టి ఒక్కో చుక్క వెడల్పు కన్నా ఎత్తు ఎక్కువగా కనిపించేది. చిత్రకారులు అది చూసుకునే గీశారు. మన తెరల చుక్కలు సమచతురస్రాలు. సరిచేయకపోతే మనుషులు పొట్టిగా, అణగదొక్కినట్టు కనిపిస్తారు. ఆన్ చేసి, ఆఫ్ చేసి గేమ్ కథానాయకుడు ఫోస్టర్ ముఖం చూడండి, తేడా తెలిసిపోతుంది.

ఎడమ బటన్‌తో పరిశీలన, కుడి బటన్‌తో పని. సేవ్ చేయడానికి ఎఫ్5.

ఈ వారం అభ్యాసం: మొదటి దృశ్యంలో మెట్ల దగ్గర వదులుగా ఉన్న ఇనుప కడ్డీని ఊడదీసి, దాంతో తలుపు తెరవండి. సేవ్ చేసి, స్కమ్‌వీఎం పూర్తిగా మూసి, మళ్లీ తెరిచి అక్కడి నుంచే కొనసాగించండి. వచ్చే పాఠంలో సంగీతం: రోలాండ్ ఎంటీ-32 అనే పాత సంగీత పరికరం కోసం రాసిన బాణీలను ఆ పరికరం లేకుండా వినడం.