పోకెమాన్ కోడ్ కార్డు రిడీమ్ కావట్లేదా? లోపం ఎక్కడుందో ఇలా పట్టుకోండి

పోకెమాన్ బూస్టర్ ప్యాక్ (సీల్ వేసి అమ్మే కార్డుల ప్యాకెట్) చింపితే ఆడే కార్డులతో పాటు ఇంకో కార్డు వస్తుంది. దాని మీద క్యూఆర్ గుర్తు, దాని దగ్గరే ఇంగ్లిష్ అక్షరాలూ అంకెలూ కలిసిన కోడ్ ఉంటాయి. ఈ కార్డుల ఆటనే ఫోన్‌లో, కంప్యూటర్‌లో ఆడుకునే యాప్ పోకెమాన్ టీసీజీ (ట్రేడింగ్ కార్డ్ గేమ్) లైవ్. అందులో ఆ కోడ్ కొడితే, అంటే రిడీమ్ చేస్తే, అదే సెట్‌కి (ఒకే పేరుతో విడుదలైన కార్డుల వరసకి) చెందిన డిజిటల్ ప్యాక్ ఒకటి మీ ఖాతాలో పడుతుంది. పడకపోతే తప్పు కోడ్‌దే అని చాలామంది కార్డు పారేస్తారు. అలా పారేయకండి, ఎక్కువసార్లు కోడ్ బాగానే ఉంటుంది.

కోడ్ ఒక్కసారే చెల్లుతుంది. అది అంటుకునేది ఫోన్‌కి కాదు, ఖాతాకి. ఒకసారి ఒక ఖాతాలో పడితే ఇంకో ఖాతాకి మార్చే వీల్లేదు. అందుకే కోడ్ కొట్టేముందు లాగిన్ అయిన పేరు ఒకసారి చూసుకోండి. ఇంట్లో అన్నదమ్ములిద్దరూ ఒకే ఫోన్ వాడుతుంటే ఇది మరీ ముఖ్యం.

కోడ్ కొట్టే చోటే కనబడట్లేదు

స్టోర్‌లో పోకెమాన్ కార్డుల యాప్‌లు రెండున్నాయి. 2024 అక్టోబర్ చివర్లో వచ్చిన పోకెమాన్ టీసీజీ పాకెట్ వేరే ఆట. ప్యాకెట్లలో వచ్చే కోడ్ కార్డులకూ దానికీ సంబంధం లేదు. ఇవి లైవ్‌కి మాత్రమే. లైవ్ ఆండ్రాయిడ్, ఐఫోన్, విండోస్, మ్యాక్ అన్నిటిలోనూ ఉంది. అందులో షాప్‌లోకి వెళ్తే రిడీమ్ అనే భాగం దొరుకుతుంది. బ్రౌజర్‌లో పోకెమాన్ అధికారిక రిడీమ్ పేజీ తెరిచి, అదే ఖాతాతో లాగిన్ అయి కొట్టినా ఫలితం ఒకటే.

పాత కార్డు మీద టీసీజీ ఆన్‌లైన్ అని అచ్చయి ఉంటే కంగారు పడొద్దు. ఆ ఆట 2023 జూన్‌లో మూతపడి లైవ్‌కి చోటిచ్చింది. స్వోర్డ్ అండ్ షీల్డ్ అనే సెట్ల సిరీస్ కాలంలో టీసీజీ ఆన్‌లైన్ పేరుతో వచ్చిన కోడ్లను లైవ్‌లోనే కొట్టాలి.

“ఇన్‌వాలిడ్ కోడ్” అంటోంది

దీనికి కారణాలు చాలా ఉన్నాయి. కింద చెప్పిన వరసలోనే చూసుకుంటూ రండి.

మొదటి అనుమానం అక్షరాల మీద. కోడ్‌లో 13 అక్షరాలుంటాయి, అడ్డగీతలతో 3, 4, 3, 3గా విడగొట్టి ఉంటాయి. మీరు కొట్టింది లెక్కపెట్టండి, 12 ఉంటే ఎక్కడో ఒకటి జారిపోయినట్టే. సంఖ్య సరిపోయినా కుదరకపోతే పోలికలున్న జతలను మళ్లీ చూడండి: బి - 8, ఎస్ - 5, జెడ్ - 2, జి - 6, ఓ - సున్నా, ఐ - 1. వాట్సాప్‌లో వచ్చిన ఫోటో చూసి కొడుతుంటే ఈ తప్పు దాదాపు తప్పదు, ఎందుకంటే ఫోటో కుదించుకుపోయి బి ఏదో 8 ఏదో తేలదు. పంపినవాళ్లను కోడ్ టైప్ చేసి పంపమనండి. కాపీ చేసి అతికించేటప్పుడు చివర ఖాళీ స్పేస్ వచ్చిందేమో చూసి తీసేయండి.

అక్షరాలన్నీ సరిగ్గా ఉన్నాయా? అయితే తేదీ చూడండి. కొత్త సెట్ విడుదలకు ముందు జరిగే ప్రీరిలీజ్ పోటీల్లో దొరికిన ప్యాక్‌లలోని కోడ్లు ఆ సెట్ లైవ్‌లోకి వచ్చేదాకా పనిచేయవు. సాధారణంగా దుకాణాల్లో విడుదలకు ఒకరోజు ముందు సెట్ లైవ్‌లోకి వస్తుంది. అప్పటిదాకా కార్డు దాచిపెట్టుకోండి, చాలు.

తేదీ కూడా దాటిపోతే ప్యాక్‌నే అనుమానించాలి. మన దగ్గర స్టేషనరీ షాపుల్లో, బడి ముందు బండ్ల మీద 10, 20 రూపాయలకు అమ్మే ప్యాకెట్లు, బంగారు రంగులో మెరిసే కార్డుల పెట్టెలు నకిలీవి. చాలావాటిలో కోడ్ కార్డే ఉండదు. కొన్నిట్లో కోడ్ కార్డుకి కూడా నకలు కొట్టి పెడతారు. రెండు ప్యాకెట్లు చింపి, రెండిట్లోనూ ఒకే కోడ్ కనిపిస్తే ఇక పరీక్ష అక్కర్లేదు. పిల్లలకు ఆశ పెట్టి మోసం చేసే సరుకు ఇది, డబ్బు వృథా.

జపనీస్ ప్యాక్‌లు కొన్నవాళ్లు కోడ్ కార్డు కోసం వెతకొద్దు. అసలు ప్యాక్ అయినా అందులో ఈ కార్డు రాదు.

“ఇప్పటికే వాడారు” అంటోంది

ముందు మీ దగ్గరే వెతకండి. స్కాన్ చేసిన క్షణంలో నెట్ పోతే తెర మీద ఎర్రర్ వస్తుంది గానీ కోడ్ అప్పటికే ఖాతాలో పడిపోయి ఉండొచ్చు. యాప్ పూర్తిగా మూసి, మళ్లీ తెరిచి, విప్పని ప్యాక్‌లు ఎన్ని ఉన్నాయో చూడండి. అక్కడ లేకపోతే పాత ఖాతా ఏదైనా ఉందేమో గుర్తు చేసుకోండి. వేరే ఈమెయిల్‌తో తెరిచి మర్చిపోయిన ఖాతాలోకి వెళ్లిన కోడ్లు తక్కువేం కాదు.

ఆన్‌లైన్‌లో ఎవరి దగ్గరో కోడ్ మాత్రమే కొన్నట్టయితే అమ్మినవాడు దాన్నే ఇద్దరికి ఇచ్చి ఉంటాడు. ముందు కొట్టినవాళ్లదే ఆ ప్యాక్. చేతిలో కార్డు లేకుండా అది మీదని చూపించే ఆధారం ఉండదు.

క్యూఆర్ స్కాన్ కావట్లేదు

కెమెరా అనుమతి ఇచ్చారో లేదో ఫోన్ సెట్టింగ్స్‌లో చూడండి. తర్వాత కార్డును చదునుగా పెట్టి, పైనుంచి నేరుగా పడే ట్యూబ్‌లైట్ వెలుగుకి పక్కగా జరపండి. ప్లాస్టిక్ స్లీవ్‌లో ఉంటే బయటికి తీయండి, దాని మెరుపే కెమెరాకి అడ్డం. గుర్తు చిరిగినా, దాని మీద మడత పడినా చేత్తో కొట్టుకోవడమే నయం.

రిడీమ్ అయింది, కార్డులు కనిపించట్లేదు

రిడీమ్ చేస్తే దక్కేది సీల్ ఉన్న ప్యాక్. యాప్‌లో దాన్ని మీరు విప్పితేనే కార్డులు సేకరణలో చేరతాయి. వెబ్‌లో రిడీమ్ చేసేటప్పుడు యాప్ తెరిచే ఉంటే ఓసారి మూసి తెరవండి.

చేతిలోని ప్యాక్‌లో వచ్చిన కార్డులే డిజిటల్‌లోనూ రావాలని లేదు. రెండూ వేర్వేరు ప్యాక్‌లు, రెండిటి అదృష్టమూ వేరు. ఇక విప్పినా ఒక కార్డు సంఖ్య పెరగలేదంటే మీ దగ్గర అప్పటికే దాని కాపీలు 4 ఉన్నాయన్నమాట. ఐదోది క్రెడిట్లుగా మారిపోతుంది. ఆ క్రెడిట్లతో మీకు లేని కార్డు తీసుకోవచ్చు కాబట్టి నష్టమేమీ లేదు.

ఇన్నాళ్లూ పనిచేసి, ఒకే సెట్‌కి ఆగిపోయింది

ఒక్కో సెట్‌కి ఒక ఖాతాలో 400 బూస్టర్ కోడ్ల వరకే పరిమితి. కట్టలు కట్టలుగా కోడ్లు కొనేవాళ్లకే ఇది తగులుతుంది. మిగిలిన కోడ్లు ఆ సెట్ ఆడే స్నేహితుడికి ఇచ్చేయండి.

ఏదీ కుదరకపోతే

పోకెమాన్ అధికారిక సపోర్ట్‌కి రాయండి. కోడ్ మొత్తం స్పష్టంగా కనిపించే కార్డు ఫోటో, తెర మీద వచ్చిన ఎర్రర్ స్క్రీన్‌షాట్, ఖాతా పేరు, ఏ సెట్ ప్యాక్, ఏ రోజు ప్రయత్నించారు అన్నవి ఒకే ఉత్తరంలో పెట్టండి. ఆ ఫోటో ఇంకెక్కడా పెట్టకండి, గ్రూపుల్లో అసలే వద్దు. కోడ్ కనిపించిన క్షణంలో ఎవరైనా కొట్టేయగలరు. డిజిటల్ ప్యాక్ విప్పి కార్డులు కళ్లతో చూసేదాకా కోడ్ కార్డు చెత్తబుట్టలో వేయకండి.